సగటు ఎక్కువొస్తే గెలిచినట్టేనా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది అనంతపురం పక్క పల్లె. ఎర్రనేల, వర్షాధారం. శెనక్కాయ చేనులో 25 చదరపు మీటర్ల మడులు 16 గీసినాము. ఊడలు దిగేటప్పుడు ఎనిమిది మడులకు ఎకరాకు 200 కిలోల లెక్కన జిప్సం వేసినాము, తక్కిన ఎనిమిదింటికి వేయలేదు. ఎండిన కాయల బరువు కిలోల్లో ఇట్లా వచ్చింది. జిప్సం వేసినవి: 5.2, 4.8, 5.6, 5.0, 5.4, 4.6, 5.8, 5.2. వేయనివి: 4.4, 5.0, 4.2, 4.9, 4.7, 5.3, 4.6, 4.5. సగటున మడికి అరకిలో ఎక్కువ. ఇది జిప్సం వల్లేనా? ఒకే చేనులోనే ఒక్కోచోట ఒక్కో తీరుగా పండుతుంది కదా?
– ఒక రైతు, అనంతపురం

జవాబు: మీ చివరి వాక్యమే అసలు ప్రశ్న. జిప్సం అసలు వేయకపోయినా ఎనిమిది మడుల సగటు ఇంకో ఎనిమిది మడుల సగటుతో అచ్చంగా సరిపోదు. ఎంతో కొంత తేడా ఊరికే వస్తుంది. ఊరికే వచ్చే తేడా మామూలుగా ఎంత ఉంటుందో ముందు కట్టి, మీకొచ్చిన అరకిలో దానికి ఎన్ని రెట్లో చూడాలి. టి పరీక్షలో జరిగేది ఇంతే. కాగితం మీద పావుగంట పని.

జిప్సం మడుల సగటు 5.2. ఒక్కో మడి ఈ సగటుకు ఎంత దూరంలో ఉందో తీసి, ఆ దూరాలను వర్గం చేసి కూడితే 1.12 వస్తుంది. దాన్ని 8తో కాదు, 7తో భాగించండి: 0.16. దీన్నే విస్తృతి అంటారు. దాని వర్గమూలం 0.4 ప్రామాణిక విచలనం. వేయని మడుల సగటు 4.7, వర్గాల మొత్తం 0.88, విస్తృతి 0.126.

ఇప్పుడు ఒక్కో విస్తృతిని దాని మడుల సంఖ్యతో భాగించి రెండూ కూడాలి. 0.16ను 8తో భాగిస్తే 0.02, 0.126ను 8తో భాగిస్తే 0.0157, మొత్తం 0.0357. దీని వర్గమూలం 0.189. సగటుల తేడాకు ఉండే ఊగిసలాట ఇదే, పుస్తకాల్లో స్టాండర్డ్ ఎర్రర్ అని ఉంటుంది. మీ తేడా 0.5ను 0.189తో భాగిస్తే టి విలువ 2.65.

టి పట్టికలో చూడాల్సిన వరుస 8 + 8 – 2 = 14 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (మొత్తం మడుల్లోంచి గుంపుకొకటి తగ్గించగా మిగిలింది). అక్కడ రెండు వైపుల (తేడా పెరిగినా తగ్గినా లెక్కలోకి వచ్చే) 5 శాతం గీత, అంటే ఊరికే వచ్చే తేడా నూటికి 5సార్లే దాటే గీత, 2.145; 1 శాతం గీత 2.977. మీ 2.65 మొదటి గీత దాటింది, రెండోది దాటలేదు. పి విలువ, అంటే జిప్సం ప్రభావం ఏమీ లేకపోయినా ఇంత లేదా ఇంతకు మించిన తేడా ఊరికే వచ్చే అవకాశం, 0.019. ఊరికే వచ్చిన తేడా అని కొట్టిపారేయడానికి లేదు. అలాగని రాతి మీద చెక్కుకునేంత గట్టి సాక్ష్యమూ కాదు.

రైతుకు టి కన్నా పనికొచ్చే లెక్క ఇంకొకటుంది. 2.145ను 0.189తో గుణిస్తే 0.405. తేడాకు అటూ ఇటూ అది వేస్తే 0.095 నుంచి 0.905 కిలోల దాకా వస్తుంది. ఎకరా 4,047 చదరపు మీటర్లు, అంటే మీ మడులు 162. ఎకరాకు జిప్సం వల్ల వచ్చిన అదనపు కాయ 15 కిలోల నుంచి 147 కిలోల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, మధ్యలో 81. జిప్సం బస్తాల ఖరీదు, తోలించిన బాడుగ, చల్లిన కూలి కలిపి 15 కిలోల కాయ ధరకు లోపలే ఉంటే నిశ్చింతగా వేసుకోవచ్చు. 81 కిలోల ధరను మించితే ఈ లెక్క మీకు అండగా నిలవదు. 5 శాతం గీత దాటినంత మాత్రాన ఖర్చు గిట్టుబాటైనట్టు కాదు.

ఇంత లెక్కా ఒక షరతు మీద ఆధారపడింది, ఉత్తరంలో మీరు దాన్ని చెప్పలేదు: ఏ మడికి జిప్సం వేయాలో ఎట్లా నిర్ణయించారు? 16 చీటీలు రాసి, కలిపి, తీసి ఉంటే సరే. వాలుకు దిగువన ఎనిమిది, ఎగువన ఎనిమిది అని పంచి ఉంటే మాత్రం దిగువన నిలిచిన తేమకూ జిప్సానికీ తేడా పట్టే దారి లేదు. టి ఎంత పెద్దగా వచ్చినా అది ‘దిగువ బాగా పండింది’ అని చెప్పినట్టే. ఇంకా ఘోరమైన పద్ధతి, చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో కనబడేది: ఒక చేనంతా జిప్సం, పక్క చేను ఉత్తది, ఒక్కోదాంట్లో ఎనిమిది చోట్ల పీకి తూచడం. అక్కడ అంకెలు పదహారైనా చేలు రెండే. జిప్సం అందిన చేను ఒక్కటే కాబట్టి శాంపిల్ సంఖ్య 8 కాదు, 1. ఒకటితో విస్తృతి రాదు, పరీక్షా లేదు.

వాలు ఉన్న చేనులో అన్నిటికన్నా మంచి దారి పక్కపక్క మడులను జతలుగా తీసుకుని, ప్రతి జతలోనూ ఏది జిప్సం మడో బొమ్మా బొరుసూ వేసి తేల్చడం. దాని లెక్క వేరు, కడప టీచరు గారి ప్రశ్నకు జవాబులో చూడండి. మడి అంచు సాళ్లు వదిలేసి లోపలి సాళ్లే తూచండి. పక్క మడి జిప్సం వానకు కొట్టుకొచ్చేది ఆ అంచుల్లోకే. కాయల తేమ 8–9 శాతానికి దిగాక తూచండి. ఒక గుంపును సోమవారం, ఇంకో గుంపును గురువారం తూస్తే మీరు పోల్చింది ఎండను.

ప్రశ్న: పై లెక్కలాంటిదే కంప్యూటర్‌లో చేస్తే మాకు టి వేరుగా వస్తోంది. ఎక్కడ తప్పు?
– డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

జవాబు: మూడు చోట్ల వెతకండి.

మొదటిది భాగహారం. ఎక్సెల్‌లో ప్రామాణిక విచలనానికి రెండు సూత్రాలున్నాయి. స్టడెవ్ తర్వాత ‘ఎస్’ ఉన్నది ఒకటి తగ్గించి భాగిస్తుంది, ‘పి’ ఉన్నది మొత్తంతో భాగిస్తుంది. శాంపిల్‌కు ఎస్ వాడాలి. పి వాడితే పై శెనక్కాయ లెక్కలో టి 2.65కు బదులు 2.83 అవుతుంది. చిన్న శాంపిల్‌లో ఈ పొరపాటు ఎప్పుడూ మనకు నచ్చే వైపే మొగ్గుతుంది, అందుకే ఎవరూ పట్టుకోరు. సైంటిఫిక్ క్యాలిక్యులేటర్‌లోనూ ఇదే తంటా: సిగ్మా పక్కన ‘ఎన్ మైనస్ 1’ అని ఉన్న మీటే నొక్కాలి.

రెండోది టి.టెస్ట్ సూత్రంలో చివరి రెండు అంకెలు. మూడో చోట 1 వేస్తే ఒక వైపు, 2 వేస్తే రెండు వైపులు. నాలుగో చోట 1 జతల పరీక్ష, 2 సమాన విస్తృతి, 3 అసమాన విస్తృతి. పైగా ఆ సూత్రం టి విలువను ఇవ్వదు, నేరుగా పి విలువను ఇస్తుంది. 0.019 కనబడగానే ‘టి ఇంత తక్కువా’ అని కంగారుపడేవాళ్లు తరగతికి ఇద్దరైనా ఉంటారు.

మూడోది చుక్క. 5.2 కొట్టబోయి 52 కొట్టారనుకోండి. జిప్సం సగటు 11.05కు ఎగబాకుతుంది, తేడా 0.5 నుంచి 6.35 అవుతుంది. మరి టి ఆకాశానికి అంటాలి కదా? అంటదు, 1.08కి పడిపోతుంది. ఆ ఒక్క అంకె సగటును లాగినదానికన్నా విస్తృతిని ఎక్కువ ఉబ్బించింది. తేడా బ్రహ్మాండంగా ఉండి టి మాత్రం ఒకటి దగ్గర తచ్చాడుతుంటే ముందు అంకెలు ఎక్కించిన కాలమ్ చూడండి, తర్వాత సూత్రం.

రెండు వైపులా, ఒక వైపా అన్నది పంట కోయకముందే తేల్చుకోవాలి. ఒక వైపు గీత 14 డిగ్రీల దగ్గర 1.761, దాటడం తేలిక. ఫలితం చూశాక 2.145 దాటలేదని ఒక వైపు పరీక్షకు మారడం ఆట అయ్యాక గీత జరపడమే.

ప్రశ్న: పి 0.019 వచ్చిందంటే జిప్సం పనిచేయకపోయే అవకాశం 1.9 శాతమే అని రాయొచ్చా?
– అదే విద్యార్థిని

జవాబు: రాయొద్దు. జిప్సం ప్రభావం సున్నా అని ముందే ఒప్పుకుని మొదలుపెట్టిన లెక్క అది. ప్రభావం సున్నాగా ఉన్న చేలలో ఇదే ప్రయోగం మళ్లీ మళ్లీ చేస్తే, ఇంత తేడా లేదా ఇంతకు మించిన తేడా, ఏ వైపుకైనా సరే, వెయ్యిసార్లలో 19సార్లు కనబడుతుంది. పి చెప్పేది అంతవరకే.

దీనికి తిరగబడ్డ పొరపాటు ఇంకా ఎక్కువ: పి 0.05 దాటింది కాబట్టి ‘రెండూ సమానమే’ అని తీర్పు రాయడం. గీత దాటలేదంటే తేడా ఉన్నట్టు రుజువు కాలేదని, లేదని రుజువైనట్టు కాదు. అక్కడ కూడా తేడాకు అటూ ఇటూ హద్దులు రాసి చూపించండి. ఎకరాకు –5 నుంచి +6 కిలోలు అని వస్తే నిజంగానే పట్టించుకోనక్కర్లేదు. –60 నుంచి +200 అని వస్తే మీకింకా ఏమీ తెలియదని అర్థం.

ప్రశ్న: ఎనిమిదిమంది పిల్లలకు నెల రోజులు సాయంత్రం లెక్కల క్లాసు పెట్టాం. 50కి మార్కులు, ముందు: 18, 32, 25, 40, 12, 36, 28, 21. అదే వరుసలో తర్వాత: 21, 34, 30, 41, 17, 38, 33, 22. ప్రతి ఒక్కరూ పెరిగారు. కానీ మా సహోద్యోగి పరీక్ష వేసి తేడా లేదన్నారు. ఇదేం న్యాయం?
– ఉపాధ్యాయురాలు, కడప

జవాబు: ఆయన సూత్రం తప్పు కాదమ్మా, ఈ లెక్కకు తగింది కాదు. సగటు 26.5 నుంచి 29.5కు, 3 మార్కులు పెరిగింది. రెండు వేర్వేరు గుంపులనుకుని లెక్కిస్తే విస్తృతులు 88.6, 74.6. స్టాండర్డ్ ఎర్రర్ 4.52, టి 0.66. 12 మార్కుల పిల్లవాడికీ 40 మార్కుల పిల్లకూ ఉన్న ఎడం అంతా వచ్చి మీ 3 మార్కుల మీద కూర్చుంది.

కానీ ఇక్కడ ఉన్నది పదహారుమంది కాదు, ఎనిమిదిమందే. ఎవరి ముందు మార్కు వాళ్ల తర్వాతి మార్కుకే జత. కాబట్టి తేడాలు తీయండి: 3, 2, 5, 1, 5, 2, 5, 1. సగటు 3. దూరాల వర్గాల మొత్తం 22. 7తో భాగిస్తే 3.14, ప్రామాణిక విచలనం 1.77. దీన్ని 8 వర్గమూలం 2.83తో భాగిస్తే 0.627. టి 4.79. 7 డిగ్రీల వరుసలో 5 శాతం గీత 2.365, 1 శాతం గీత 3.499. రెండూ దాటింది.

అవే మార్కులకు ఒకచోట 0.66, ఇంకోచోట 4.79 రావడం చూసి, ఏది పెద్దగా వస్తే అది వాడొచ్చని మాత్రం అనుకోవద్దు. జత అనేది అంకెలు సేకరించిన తీరులో ఉంటుంది, మన ఇష్టంలో కాదు. ఈ ఊరి బడి జాబితాలో ఒకటో పేరుకూ ఆ ఊరి బడిలో ఒకటో పేరుకూ ముడిపెట్టడం జత కాదు. పైన చెప్పిన పక్కపక్క మడులు జతే. ఎనిమిది జతల తేడాలు తీసి ఇదే దారిలో వెళ్లాలి.

ఇక మీకు నచ్చని మాట ఒకటి. మార్కులు పెరిగాయని తేలింది, సాయంత్రం క్లాసు వల్ల పెరిగాయని తేలలేదు. నెల రోజులు బడిలో మామూలు పాఠం కూడా జరిగింది. రెండోసారి అదే ప్రశ్నపత్రం ఇచ్చారేమో కూడా మీరు రాయలేదు. వచ్చేసారి పదహారుమందిని తీసుకుని, చీటీలు వేసి సగంమందికి ఈ నెల, తక్కినవాళ్లకు వచ్చే నెల క్లాసు పెట్టండి. మొదటి నెల చివర రెండు గుంపుల ‘పెరుగుదల’లను పోల్చండి. ఎవరికీ క్లాసు ఎగ్గొట్టినట్టు కాదు, లెక్కా నిలబడుతుంది.

ప్రశ్న: తాడిపత్రిలో బండల పాలిష్ యూనిట్ మాది. బండ మందం 20 మి.మీ. రావాలి. పాత మిషన్‌లో 30 బండలు కొలిస్తే సగటు 20.0, ప్రామాణిక విచలనం 0.4. కొత్త మిషన్‌లో 8 కొలిస్తే సగటు 20.6, విచలనం 1.2. ఎక్సెల్‌లో సమాన విస్తృతి అంటే టి 2.36, అసమానం అంటే 1.39. ఒకటి తేడా ఉందంటుంది, ఇంకొకటి లేదంటుంది. ఏది నమ్మేది?
– సూపర్‌వైజర్, తాడిపత్రి

జవాబు: అసమానాన్నే నమ్మండి. మొదటి పద్ధతి రెండు మిషన్ల విస్తృతులను కలిపి ఒక్కటి చేస్తుంది. కలిపేటప్పుడు 30 బండలున్న నిదానపు మిషన్‌దే పైచేయి అవుతుంది, కలిపిన విస్తృతి 0.41కి దిగుతుంది. కానీ కుదురులేనిది 8 బండల మిషన్. దాని సొంత విస్తృతి 1.44. తక్కువ కొలతలున్న గుంపుకే ఊగిసలాట ఎక్కువగా ఉన్నప్పుడు ఈ కలపడం దాన్ని కప్పిపుచ్చుతుంది. స్టాండర్డ్ ఎర్రర్ 0.43 ఉండాల్సింది 0.25గా చూపిస్తుంది. ఎక్కువ కొలతలున్న గుంపుకు ఊగిసలాట ఎక్కువైతే ఇదే తప్పు ఎదురు దిక్కున జరుగుతుంది, ఉన్న తేడా కూడా కనబడదు.

అసమాన పద్ధతి బి.ఎల్. వెల్చ్ 1947లో ప్రచురించినది. అందులో డిగ్రీలు 36 కావు, 7.4 మాత్రమే. 7 వరుసలో గీత 2.365, మీ 1.39 దానికి ఆమడ దూరంలో ఉంది. ముందు విస్తృతులు సమానమో కాదో పరీక్షించి, ఆ ఫలితాన్ని బట్టి సూత్రం ఎంచుకోవాలని పాత పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ రెండంచెల తతంగం అక్కర్లేదు, ఎప్పుడూ వెల్చ్ పద్ధతే వాడినా పోయేదేమీ లేదు. శెనక్కాయ లెక్కలో అది డిగ్రీలను 14 నుంచి 13.8కి మాత్రమే దించుతుంది. ఆర్ అనే సాఫ్ట్‌వేర్ అడగకుండానే దీన్నే వాడుతుంది.

అయినా మీరు సగటు గురించి అడిగారు కానీ, మీ బండల సంగతి సగటులో లేదు. విస్తృతుల నిష్పత్తి 1.44కు 0.16, అంటే 9. 7, 29 డిగ్రీలకు ఎఫ్ పట్టికలో (విస్తృతుల నిష్పత్తిని తూచే పట్టిక అది) 5 శాతం గీత 2.35. కొత్త మిషన్ ఒక బండ 19, ఇంకో బండ 22 తీస్తోంది. పరిచేవాడికి 20.6 సగటుతో ఏం పని? పక్కపక్క బండల మధ్య మెట్టు తగులుతుంది. సగటు సరిచేయడం మీటలతో అయ్యే పని. ముందు టేబుల్ మట్టం, బండ బిగింపు చూడండి. ఇంకోటి: వెర్నియర్‌తో ఒక్కో బండ నాలుగు మూలలా కొలిస్తే ఆ నాలుగింటి సగటును ఒక్క కొలతగా రాయండి. ఎనిమిది బండలు 32 బండలు కావు.

ప్రశ్న: ఆదోని మార్కెట్‌లో పత్తి ధర, ఇంకో మార్కెట్ ధర 25 రోజులపాటు రాసుకున్నాను. టి 5 దాటింది. ఇక తిరుగులేదనుకోవచ్చా?
– ఆదోని నుంచి

జవాబు: తొందరపడొద్దు. ఈరోజు ధర నిన్నటి ధర వెనకే నడుస్తుంది. 25 రోజుల ధరలు 25 వేర్వేరు సాక్షులు కారు, ఒకరు చెప్పింది ఇంకొకరు వల్లించే నలుగురైదుగురే. టి పరీక్షకు ఆ సంగతి తెలియదు, 25మందీ విడివిడిగా చూసొచ్చారనుకుని స్టాండర్డ్ ఎర్రర్‌ను మరీ తగ్గించేస్తుంది.

ముందు ఒకే తేదీ ధరలను జతచేసి తేడాలు తీయండి. రెండు మార్కెట్లనూ కలిపి లేపే, దించే గాలి అందులో పోతుంది. ఆ తేడాలను వరసగా గీసి చూడండి. నిన్న పైన ఉంటే ఈరోజూ పైనే ఉంటోందంటే రోజులు వదిలి వారానికొకటి తీసుకుని, నెలలు పెంచండి. బులెటిన్‌లో కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ అని మూడు ధరలుంటాయి. మోడల్ ధర అంటే ఆ రోజు ఎక్కువ సరుకు అమ్ముడైన ధర, లాట్ల సగటు కాదు. ఒకచోట మోడల్, ఇంకోచోట గరిష్ఠం రాసుకుని ఉంటే టి 5 కాదు, 50 వచ్చినా వృథా. తేమ 8 శాతం ఉన్న పత్తినీ 12 శాతం ఉన్న పత్తినీ పక్కపక్కన పెట్టినా అంతే.

ప్రశ్న: శాంపిల్ 30కి తక్కువైతే టి పరీక్ష చెల్లదంటారు. నిజమా? అసలు ఎన్ని మడులు కావాలి?
– వ్యవసాయ విద్యార్థి, కర్నూలు జిల్లా

జవాబు: తలకిందులుగా విన్నారు. చిన్న శాంపిళ్ల కోసం పుట్టిందే అది. డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం సీలీ గాసెట్ 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో దీన్ని ప్రచురించాడు. కొలతలు తక్కువైతే గీత తనంతట తానే దూరం జరుగుతుంది: 3 డిగ్రీలకు 3.182, 14కు 2.145, ఎన్నైనా ఉన్నాయనుకుంటే 1.96. అయితే చిన్న శాంపిల్‌లో అంకెలు ఒక పక్కకు బాగా ఒరిగి ఉంటే, అంటే చాలా ఇళ్ల ఆదాయం కొద్దిగా, రెండిళ్లది మాత్రం కొండంతగా ఉంటే, పరీక్ష తడబడుతుంది. అలాంటప్పుడు లాగరిథమ్ తీసి పోల్చడం గానీ, ర్యాంకుల మీద నడిచే మాన్–విట్నీ పరీక్ష గానీ మేలు.

ఎన్ని మడులన్నదానికి చేతిలెక్క ఒకటుంది: విస్తృతిని 16తో గుణించి, మీరు పట్టుకోదలచిన తేడా వర్గంతో భాగించండి. వచ్చేది ఒక్కో గుంపుకు కావలసిన సంఖ్య. 5 శాతం గీతతో, నిజంగా అంత తేడా ఉంటే నూటికి 80సార్లు దొరుకుతుంది. శెనక్కాయ మడుల విస్తృతి సుమారు 0.143. అరకిలో తేడాకు 16 × 0.143 ÷ 0.25, అంటే 9 దాటుతుంది; గుంపుకు 10 మడులు వేసుకోవాలి. అనంతపురం రైతు ఎనిమిదితో గట్టెక్కడంలో కొంత అదృష్టమూ ఉంది. 200 గ్రాముల తేడా పట్టాలంటే 58 మడులు కావాలి. తేడా సగమైతే మడులు నాలుగింతలు. ఒక్క ఎకరంలో అంత వీలుకాకపోతే మడులను జతలుగా వేసి విస్తృతి తగ్గించుకోవడమే దారి.

ప్రశ్న: మూడు రకాల విత్తనాలను రెండేసి చొప్పున టి పరీక్షతో పోల్చొచ్చా?
– కడప జిల్లా నుంచి

జవాబు: మూడు పోలికలవుతాయి. ఒక్కోదాంట్లో 5 శాతం పొరపాటుకు చోటిస్తే, మూడింటిలో ఒక్కటైనా ఊరికే గీత దాటే అవకాశం 14 శాతం దాకా పోతుంది. ముందు అనోవా (మూడు సగటులనూ ఒకేసారి పోల్చే పరీక్ష) చేయండి. తర్వాత జతలుగా చూడాలనుకుంటే ఒక్కోదానికి గీతను 5 నుంచి 1.67 శాతానికి బిగించండి.